చెవులు కప్పుకొనండి, కిటికీ తెరవండి

కార్తీకమాసం ప్రవేశించింది మొదలు సంక్రాంతి దాటే వరకు నా వైద్యశాలలో ఒక ప్రశ్న తరచుగా వినబడుతుంది. యాత్రలకు బయలుదేరేవారు, పెండ్లిళ్ళకు పోయేవారు, నిత్యమూ బస్సులలో రైళ్ళలో ఉద్యోగాలకు తిరిగేవారు అడిగేది ఒక్కటే. "అయ్యా, ప్రయాణంలో జలుబు, దగ్గు అంటకుండా ఏదైనా లేహ్యమో చూర్ణమో దయచేయండి."

లేహ్యాలున్నాయి, చూర్ణాలున్నాయి. వాటి గుణాలను ఈ వ్యాసంలోనే మనవి చేస్తాను. కాని చెంచాడు లేహ్యం నాకి, దగ్గుతున్న నలుగురి మధ్య తలుపులు బిగించిన బస్సులో రాత్రంతా కూర్చున్నా రోగం సోకదని హామీ ఇవ్వగల ఔషధం నేను చదివిన శాస్త్రంలో లేదు. అటువంటి హామీ ఎవరైనా ఇస్తే నమ్మవద్దని పాఠకులకు నా ప్రార్థన. మొదటి ఔషధం వేరే ఉన్నది. దానిని నూరవలసిన పని లేదు, కాచవలసిన పని లేదు, వెల పెట్టి కొనవలసిన పని అంతకంటే లేదు. అది మీ సీటు ప్రక్కనే ఉన్న కిటికీ.

ఇప్పుడు ఈ విషయం వ్రాయడానికి కారణం ఉన్నది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి ఆర్.టి.సి. బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణ సౌకర్యం కలిగింది. ఏడాదికొకసారి పుట్టింటి గడప తొక్కే ఇల్లాలు ఇప్పుడు నెలకొకసారి తొక్కగలుగుతున్నది. ఎంతో సంతోషించదగిన విషయం. దానితోపాటు చంకలో బిడ్డతో తల్లులు, చేతికర్రతో ముత్తవ్వలు కిక్కిరిసిన బస్సులలో మునుపటికంటె ఎక్కువగా కనబడుతున్నారు. శ్వాసరోగాలు అందరికంటే ఎక్కువగా బాధించేది ఆ పసివారినీ, ఆ వృద్ధులనే.

ఊపిరి, ఆసనం: సుశ్రుతుని హెచ్చరిక

ఒకరినుండి మరొకరికి అంటే వ్యాధులను మన పూర్వులు ఔపసర్గిక రోగాలన్నారు. సుశ్రుత సంహిత నిదానస్థానంలో, కుష్ఠనిదానాన్ని చెప్పే ఐదవ అధ్యాయం చివర, ఇవి వ్యాపించే మార్గాలు వివరింపబడినవి. సన్నిహిత సహవాసం, శరీరాలు ఒకదానికొకటి తాకడం, విడిచిన ఊపిరి, కలిసి భుజించడం, ఒకే శయ్యను ఒకే ఆసనాన్ని పంచుకోవడం, ఒకరు వాడిన వస్త్రాలు, మాలలు, గంధాదులు మరొకరు వాడడం అనేవి ఆ మార్గాలు. ఇట్లు అంటే రోగాలలో కుష్ఠు, జ్వరం, శోష అనబడే క్షయ, కండ్లకలక పేర్కొనబడినవి.

ఈ పట్టికను చేతబట్టుకొని ఉదయం ఎనిమిది గంటల సిటీ బస్సు ఎక్కి చూడండి. శరీరాల స్పర్శ గురించి నిలబడి ప్రయాణించేవారికి వేరే చెప్పనక్కరలేదు. ముగ్గురి సీటులో నలుగురు సర్దుకొని కూర్చుంటారు కనుక ఆసనం ఒక్కటే. ఊపిరి సంగతి సరేసరి. ప్రక్కవాడు విడిచినది మనం పీలుస్తాము, మనం విడిచినది వెనుకవాడు పీలుస్తాడు.

ఆధునిక వైద్యులు ఇదే విషయాన్ని మరింత సూక్ష్మంగా పరిశీలించారు. దగ్గినపుడు, తుమ్మినపుడు వెలువడే పెద్ద తుంపరలు కొద్ది అడుగుల దూరంలోనే నేలకు జారుతాయి. కంటికి కనబడని సన్నని కణాలు మాత్రం పొగవలె గాలిలో తేలుతూ గది అంతా అలముకుంటాయి. మామూలుగా మాట్లాడినా, గట్టిగా ఊపిరి తీసినా ఇవి వెలువడుతూనే ఉంటాయి. తట్టు సోకిన బిడ్డ ఒక చోటినుండి వెళ్ళిపోయిన తరువాత కూడా రెండు గంటల వరకు ఆ గాలిలో వ్యాధిబీజాలు నిలిచి ఉండగలవు. ఇన్‌ఫ్లుయెంజా, కరోనా, క్షయ కూడా గాలిమార్గాన వ్యాపించేవే. సాధారణ పడిశం గాలిద్వారానే కాక చేతులద్వారా కూడా అంటుతుంది. బస్సు కడ్డీ పట్టుకొన్న చేతితో కన్ను నలుపుకొన్నా, ముక్కు తుడుచుకొన్నా చాలు.

ఎంగిలి గాలి

మన ఇండ్లలో ఎంగిలి పట్టింపు చాలా ఎక్కువ. ఒకరు కరచుకొని త్రాగిన గ్లాసు కడగనిదే మరొకరు ముట్టరు. ఇది మంచి ఆచారమే. అయితే మూడవవాని ముక్కులోనుండి వచ్చిన గాలిని మూసిన బండిలో గంటలకొలది పీల్చడానికి మాత్రం మనకు ఏ సంకోచమూ ఉండదు. అది కూడా ఎంగిలే, ఎంగిలి గాలి.

ఒక చిన్న లెక్క చూడండి. తీరికగా కూర్చున్న మనిషి నిమిషానికి సుమారు 7 లీటర్ల గాలిని పీల్చి విడుస్తాడు. 50 మంది ఉన్న బస్సులో అది నిమిషానికి 350 లీటర్లు, గంటకు 21,000 లీటర్లు. బస్సు లోపలి భాగం 11 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు అనుకొంటే అందులో పట్టే గాలి 55,000 లీటర్లు. అంటే బయటి గాలి చొరకుండా బిగించినట్లయితే, సుమారు రెండున్నర గంటలలో ఆ బస్సులోని గాలికి సరిసమానమైన గాలి ప్రయాణికుల ఊపిరితిత్తులలోనికి పోయి బయటికి వచ్చి ఉంటుంది. హైదరాబాదునుండి విజయవాడ చేరేలోపుగా ఇది ఒకమారుతో ఆగదు.

ఎ.సి. బస్సులో గాలి చల్లగా ఉంటుంది కనుక అది శుభ్రమైన గాలి అని అనేకులు భ్రమపడతారు. చల్లబరచడం వేరు, శుభ్రపరచడం వేరు. లోపలి గాలినే మరల మరల త్రిప్పే అమరిక ఉన్నచోట ఒకరి దగ్గు అందరికీ పంచబడుతుంది. మన పల్లెవెలుగు బస్సు దుమ్ము కొట్టవచ్చును, కుదుపులు పెట్టవచ్చును. కాని కిటికీలు తెరచి పరుగెత్తేటపుడు శ్వాసరోగాల విషయంలో బిగించిన ఎ.సి. బస్సు కంటె అదే మేలు.

లోకానుభవం చెప్పే సాక్ష్యం

1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి బొంబాయి రేవున అడుగుపెట్టి, రైలుమార్గాల వెంట దేశం నలుమూలలకూ ప్రాకింది. మన దేశంలో కోటి మందికి పైగా దానికి బలియైనారు. మనిషి ఎంత వేగంగా ప్రయాణిస్తే రోగం అంత వేగంగా ప్రయాణిస్తుందని ఆనాడే తేటతెల్లమైనది.

1977లో అమెరికాలోని అలాస్కాలో 54 మంది ఎక్కిన ఒక విమానం యంత్రలోపం వలన మూడు గంటలపాటు నేలమీదనే నిలిచిపోయింది. ఆ సమయంలో లోపలికి గాలి ప్రసరింపజేసే ఏర్పాటు పనిచేయలేదు. ప్రయాణికులలో ఒకరికి అప్పటికే ఇన్‌ఫ్లుయెంజా ఉన్నది. మూడు దినాలలో ప్రయాణికులలో నూటికి 72 మంది జ్వరం, దగ్గులతో మంచం పట్టారు.

ఇంకొక నిదర్శనం మనకు బాగా అర్థమయ్యేది, ఎందుకంటే అదీ ఒక దేవాలయ యాత్రయే. 2020 జనవరి 19న చైనా తూర్పు ప్రాంతంలో ఒక ఆరాధనోత్సవానికి రెండు బస్సులలో జనం బయలుదేరారు. ఒక బస్సులో 60 మంది, రెండవదానిలో 68 మంది. రెండవ బస్సులో ఒకరికి కరోనా సోకి ఉన్నది. రానుపోను ప్రయాణం 100 నిమిషాలు. లోపలి గాలినే త్రిప్పే విధంగా ఎ.సి. నడిచింది. ఆ బస్సులో రోగితో కలిపి 24 మందికి వ్యాధి నిర్ధారణ అయినది. మొదటి బస్సులో ఒక్కరికి కూడా రాలేదు. రెండు బస్సులవారూ దర్శించినది ఒకే దేవాలయం. భేదం వారు పంచుకొన్న గాలిలో ఉన్నది.

గానానికి సంబంధించినది కూడా ఒకటి చెప్పవలె. 2020 మార్చిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక గాయకబృందం మూసిన హాలులో రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చిన 61 మందిలో 53 మంది జబ్బుపడ్డారు, వారిలో ఇద్దరు మరణించారు. గొంతెత్తి పాడినపుడు నోటినుండి వెలువడే కణాలు అనేక రెట్లు పెరుగుతాయి. యాత్ర బస్సులలో కిటికీలు బిగించి భజనలు చేసేవారు దీనిని గమనింప ప్రార్థన.

చలిగాలి భయం

ఇన్ని చెప్పినా మనవారు కిటికీ తెరవరు. "చలిగాలి తగిలితే జలుబు చేస్తుంది, ఆయుర్వేదమే గాలి కొట్టరాదని చెప్పింది గదా" అంటారు. ఈ సందేహాన్ని తీర్చడం నా వంటివాని బాధ్యత.

శరీరానికి ఎదురుగాలి బలంగా తగలరాదని, మంచులో తిరగరాదని శాస్త్రం చెప్పిన మాట నిజమే. చరకుడు ప్రతిశ్యాయానికి, అనగా పడిశానికి, చూపిన కారణాలలో మంచు, ధూళి, పొగ, రాత్రి జాగరణ, అజీర్ణం, అతిగా మాట్లాడడం, చన్నీళ్ళు, మలమూత్రాది వేగాలను ఆపుకోవడం ఉన్నవి. రాత్రి బస్సు ప్రయాణంలో ఇవన్నీ వరుసగా ఎదురవుతాయి. వీటివలన అగ్ని మందగించి, కఫం చలించి, ముక్కు గొంతు బలహీనపడతాయి. పొలం దుక్కి అయి సిద్ధంగా ఉన్నట్లు లెక్క. అయితే దున్నిన పొలంలో విత్తనం పడనిదే మొలక రాదు. ఆ విత్తనం మూసిన గాలిలో ఇతరుల ఊపిరినుండి వస్తుంది. పొలాన్ని గురించి మాత్రమే జాగ్రత్తపడి, విత్తనాన్ని గుప్పిళ్ళతో చల్లించుకోవడం ఏమి వివేకం?

నివాతం అంటే గాలి లేని చోటని కొందరు అర్థం చేసుకొన్నారు. చరక సంహిత సూత్రస్థానం పదునైదవ అధ్యాయంలో రోగులకు చికిత్స చేసే గృహం ఎట్లుండవలెనో చెప్పిన సందర్భం చూడండి. ఆ గృహం పెనుగాలి తగలనిదై ఉండవలెను, అయినా ఒక ప్రక్కనుండి గాలి చక్కగా ఆడుతూ ఉండవలెను. చరకుని అభిప్రాయం ఇది. పెనుగాలి కూడదు, గాలి ఆడకపోవడమూ కూడదు. రెండూ ఒకే చోట, ఒకే వాక్యంలో చెప్పబడినవి.

మా గురువుగారి ఇంట మేము విద్యార్థులుగా ఉన్నప్పుడు దగ్గు వచ్చినవానిని లోపలి గదిలో పడుకోనిచ్చేవారు కారు. వసారాలో, గోడ చాటున, గాలి నేరుగా ముఖాన కొట్టని మూలన చాప వేయించేవారు. చెవులకు గుడ్డ కట్టించి, ఛాతీమీద కంబళి కప్పించేవారు. వాని చెంబు వేరు, వాని పళ్ళెం వేరు. వానికి గాలి అందేది, మాకు వాని ఊపిరి అందేది కాదు.

కాబట్టి ప్రయాణంలో పాటించవలసిన సూత్రం ఇది. చెవులు కప్పుకొనండి, కిటికీ తెరవండి. మఫ్లరో, మంకీ క్యాపో, చీర కొంగో చెవులమీదుగా చుట్టుకొని, ఛాతీకి శాలువ కప్పుకొని, కిటికీని నాలుగు వ్రేళ్ళ మందమైనా తెరచి ఉంచండి. ఒకవైపు కిటికీలే కాక రెండువైపులవీ కొద్దికొద్దిగా తెరిస్తే గాలి అడ్డంగా ప్రసరించి లోపలి ఎంగిలి గాలిని బయటికి తోస్తుంది.

బస్సెక్కని వృద్ధురాలు

2022 డిసెంబరులో మా ఊరినుండి నలభై మందికి పైగా ఒక ప్రైవేటు బస్సులో దక్షిణదేశ యాత్రకు వెళ్ళారు. బయలుదేరిననాడే ఒకాయనకు పొడిదగ్గు ఉన్నది. డబ్బు ముందే కట్టినాడు, మానుకోవడానికి మనసొప్పలేదు. చలి కారణంగా నాలుగు దినాలూ కిటికీలు బిగించే ఉంచారు. రాత్రులు భజనలు సాగినవి. తిరిగివచ్చిన వారం లోపల పదకొండుగురు నా వద్దకు వచ్చారు. ఎవరెక్కడ కూర్చున్నారని అడుగగా, ఎక్కువమంది ఆయన చుట్టుప్రక్కల మూడు నాలుగు వరుసలవారే అని తేలింది. యువకులు కావడంచేత పథ్యంతో, కషాయంతో వారం పది దినాలలో కోలుకొన్నారు.

వారిలో ఒక యువకుని నాయనమ్మకు డెబ్బది ఎనిమిది సంవత్సరాలు. ఆమె బస్సు ఎక్కలేదు, గడప దాటలేదు. మనుమడు ప్రసాదం తెచ్చి, ప్రక్కన కూర్చుండి, యాత్రా విశేషాలన్నీ ఆప్యాయంగా చెప్పినాడు. నాలుగవనాడు ఆమెకు జ్వరం, ఆయాసం వచ్చినవి. నేను వెళ్ళి చూచేసరికి డొక్కలు ఎగురుతున్నవి, పెదవులు నీలిరంగుకు తిరుగుతున్నవి. "వైద్యులవారూ, మీ కషాయమే ఇవ్వండి, ఆస్పత్రికి నేను పోను" అని చేతులు జోడించింది. "అమ్మా, ఇది కషాయానికి లొంగే దశ కాదు. నా మాట మన్నించండి" అని ఒప్పించి, ఆ గంటలోనే జిల్లా ఆస్పత్రికి పంపినాను. న్యుమోనియా అన్నారు. పన్నెండు దినాలు ప్రాణవాయువు పెట్టారు. బ్రతికి ఇల్లు చేరింది గాని, తన పనులు తాను చేసుకొనడానికి రెండు మాసాలు పట్టింది.

ప్రయాణంలో అంటిన రోగం ప్రయాణికునితో ఆగదు. ఇంటిలో ఎదురుచూచేవారికి చేరుతుంది. దగ్గుతో బస్సు ఎక్కేవాడు, దగ్గు తెచ్చుకొని ఇల్లు చేరేవాడు, ఇద్దరూ తాము చూడని మనుషుల ప్రాణాలకు బాధ్యులు.

ప్రయాణానికి ముందు

1. జ్వరం, దగ్గు, తుమ్ములు ఉన్నప్పుడు ప్రయాణం వాయిదా వేయవలెను. తప్పనిసరియైతే మాస్కు ధరించి, కిటికీ ప్రక్కన కూర్చుండవలెను.

2. ప్రతిమర్శ నస్యం: గోరువెచ్చని నువ్వులనూనె గాని, అణుతైలం గాని ఒక్కొక్క ముక్కు రంధ్రంలో 2 చుక్కలు వేసి, మెల్లగా పీల్చి, గొంతులోనికి దిగినదానిని ఉమ్మివేయవలెను. ఈ నస్యానికి శాస్త్రం చెప్పిన వేళలలో దారి నడచి అలసిన వేళ కూడా ఒకటి. ముక్కు లోపలి పొర ఎండిపోకుండా ఇది కాపాడుతుంది. ఇది మాస్కుకు బదులు కాదు. జ్వరం ఉన్నప్పుడు, ముక్కు మూసుకుపోయినప్పుడు, పసిపిల్లలకు, మ్రింగడం కష్టమైన వృద్ధులకు నస్యం కూడదు.

3. ఆకలికి మించి తినరాదు. పెరుగు, ఐస్‌క్రీము, నూనె పిండివంటలు మాని, మిరియాల చారుతో వేడి అన్నం గాని ఇడ్లీ గాని మితంగా తిని బయలుదేరవలెను.

4. వృద్ధులు, ఉబ్బసం, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు ఇన్‌ఫ్లుయెంజా టీకా విషయం తమ వైద్యునితో మాట్లాడవలెను. ఆయుర్వేదాన్ని ఆచరించేవారు టీకా వేయించుకోరాదని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

బండిలో ఉన్నంతసేపు

1. ఎ.సి. బస్సులో బయటి గాలి లోనికి వచ్చే ఏర్పాటు ఉంటే తెరవమని డ్రైవరును మర్యాదగా అడుగవలెను. టీ కోసం ఆగిన ప్రతిచోటా తలుపులు తెరిపించి, అయిదు పది నిమిషాలు క్రిందికి దిగి ఉండవలెను.

2. మెట్రో రైలువలె కిటికీ తెరవడానికి వీలులేనిచోట, రద్దీ ఎక్కువగా ఉన్నచోట మాస్కు ధరించవలెను. ముక్కు బయటపెట్టి గడ్డానికి తగిలించిన మాస్కు వ్యర్థం. కండువా, కొంగు మన తుంపరలను కొంత ఆపుతాయి గాని, ఇతరుల ఊపిరినుండి మనను అంతగా కాపాడవు. వృద్ధులు, రోగులు ముఖానికి బిగువుగా అమరే ఎన్-95 రకం వాడడం శ్రేష్ఠం. రెండేండ్లలోపు బిడ్డలకు మాస్కు పెట్టరాదు.

3. తుమ్మును బలవంతంగా ఆపుకోరాదు. ఆపుకోరాని పదమూడు వేగాలలో అది ఒకటి. అట్లని ఎదుటివారి ముఖాన తుమ్మనూ రాదు. నోటికి అడ్డం పెట్టుకొనకుండా తుమ్మడం, ఆవులించడం, నవ్వడం కూడదని చరకుడు సద్వృత్తంలోనే విధించినాడు. చేతిరుమాలు లేకున్న మోచేతి మడతను అడ్డం పెట్టుకొనవలెను. అరచేయి అడ్డం పెట్టి, అదే చేతితో కడ్డీ పట్టుకొనడం రోగాన్ని పంచడమే.

4. చేతులు కడుగకుండా కండ్లు, ముక్కు ముట్టుకోరాదు, పల్లీలు, మరమరాలు నోట వేసుకోరాదు. ప్రక్కవారి సీసా నీళ్ళు కరచుకొని త్రాగరాదు. బస్సు లోపల ఉమ్మరాదు.

5. ఫ్లాస్కులో గోరువెచ్చని నీరు దగ్గర ఉంచుకొని, గంటకొకమారు రెండు గుక్కలు త్రాగవలెను. మాటిమాటికి మూత్రానికి దిగవలసి వస్తుందని నీళ్ళు మానడం మంచిది కాదు.

ఇల్లు చేరిన తరువాత

సబ్బుతో చేతులు, ముఖం కడుగుకొని, బట్టలు మార్చిన తరువాతనే పిల్లలను ఎత్తుకొనవలెను. గోరువెచ్చని నీటిలో చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు వేసి గొంతులో గరగరలాడించి పుక్కిలించవలెను. గొంతులో గరగర ఉన్నదని తోచినా సరే, నాలుగైదు దినాలు ఇంటిలోని వృద్ధులకు, చంటిబిడ్డలకు కొంచెం దూరంగా మసలడం ఉత్తమం.

జలుబు, దగ్గు సోకినపుడు గృహచికిత్సలు

తులసి కషాయం: తులసి ఆకులు 10, మిరియాలు 4, అర చెంచా శొంఠిపొడి, రెండు గ్లాసుల నీటిలో వేసి ఒక గ్లాసు మిగిలేవరకు కాచి, వడపోసి, ఉదయం సగం సాయంత్రం సగం గోరువెచ్చగా త్రాగవలెను. చల్లారిన తరువాత తేనె కలుపుకొనవచ్చును. వేడివేడి కషాయంలో తేనె వేయరాదు. ఏడాదిలోపు బిడ్డలకు తేనె నాకించనే రాదు.

త్రికటు చూర్ణం: శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు సమభాగాలుగా దంచి జల్లించి, పావు చెంచా చూర్ణం తేనెతో, భోజనానంతరం రెండు పూటలా మూడు నాలుగు దినాలు తీసుకొనవలెను. కడుపులో మంట, పుండ్లు, మొలలు ఉన్నవారు, గర్భిణులు దీనిని వాడరాదు.

వావిలాకు ఆవిరి: గుప్పెడు వావిలాకులు, చెంచాడు వాము నీటిలో మరగించి, గిన్నెను స్థిరమైన బల్లపై ఉంచి, పెద్దవారు మాత్రమే అయిదు నిమిషాలు ఆవిరి పట్టవలెను. ముక్కు దిబ్బడ తేలికపడుతుంది. మరుగునీరు ఒలికి పిల్లలు కాలిన ఉదంతాలు అనేకం. కనుక పిల్లలకు ఇట్లు ఆవిరి పట్టరాదు. కర్పూరం పసిపిల్లల ముక్కుకు రాయడం, నోటికి అందనివ్వడం ప్రమాదకరం.

అతిమధురం: చిన్న ముక్క బుగ్గన పెట్టుకొని రసం మ్రింగితే పొడిదగ్గు ఉపశమిస్తుంది. రక్తపోటు ఉన్నవారికి ఇది పనికిరాదు.

ఇవన్నీ బాధను తగ్గించి, సుఖాన్నిచ్చే ఉపాయాలు. కషాయం త్రాగినవాని ఊపిరినుండి రోగం వ్యాపించదని అనుకోరాదు. 2020, 2021 సంవత్సరాలలో కషాయాన్ని మంచినీళ్ళవలె త్రాగి కడుపు మంటలు, నోటిపూతలు తెచ్చుకొన్నవారిని చాలామందిని చూచినాను. మాత్ర మించితే ఔషధమూ అపథ్యమే.

ఇంటి వైద్యం చాలని సందర్భాలు

పెద్దవారిలో ఆయాసం, ఛాతీలో నొప్పి, మగత, పెదవులు నీలంగా మారడం, మూడు దినాలు మించి తీవ్రజ్వరం కనబడితే ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకొనిపోవలెను. బిడ్డ నిదానంగా ఉన్నపుడు నిమిషంపాటు ఊపిరి లెక్కించండి. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలలు నిండిన తరువాత ఏడాదిలోపు 50, ఏడాదినుండి అయిదేండ్ల వరకు 40, లేక అంతకు మించి ఉన్నా, డొక్కలు లోనికి పోతున్నా, పాలు త్రాగకున్నా అది ప్రమాద సూచన.

రెండు వారాలు దాటిన దగ్గును ఎన్నడూ ఉపేక్షించరాదు. నిత్యం రైలులో రానుపోను నాలుగు గంటలు ప్రయాణించే ఒక యువతి, రెండు మాసాల దగ్గుకు అంగళ్ళలో సిరప్పులు కొని త్రాగి, చివరకు నా వద్దకు వచ్చినది. సాయంకాలపు జ్వరం, చిక్కిన శరీరం చూచి కళ్ళె పరీక్షకు పంపినాను. క్షయ అని తేలింది. ఆరు మాసాలు మందులు క్రమం తప్పక వాడి పూర్తిగా కోలుకొన్నది. అదే డబ్బాలో నిత్యం తన చుట్టూ కూర్చునే స్నేహితురాండ్రకు కూడా ఆమెయే చెప్పి పరీక్షలు చేయించినది. ఆ పరీక్ష, ఆ మందులు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాలలో ఉచితం. పోషకాహారానికై 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన సహాయం 2024 నవంబరునుండి 1000 రూపాయలయినది. సరియైన మందు ప్రారంభించిన కొద్దికాలానికే ఇతరులకు అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. దాచిన క్షయయే అందరికీ ప్రమాదం. చ్యవనప్రాశ ఆ మందులకు తోడుగా, వైద్యుల అనుమతితో వాడుకొనవచ్చును గాని వాటికి బదులు కాజాలదు.

పాఠకులలో కొందరు ఈ వారమే ఏదో ఒక ప్రయాణానికి మూట కట్టుకొంటూ ఉండవచ్చును. మూటలో శాలువ, మఫ్లరు, రెండు మాస్కులు, ఒక సబ్బుబిళ్ళ, వేడినీళ్ళ ఫ్లాస్కు పెట్టుకొనండి. బస్సు ఎక్కగానే ప్రక్కవారికి ఒక నమస్కారం చేసి, "చెవులకు కొంగు కప్పుకొనండమ్మా, కిటికీ కొంచెం తెరుస్తాను" అని చెప్పండి. వారు కాదంటే కారణం వివరించండి. ఇంటిలో వృద్ధులో పసివారో లేనివారు అరుదు కనుక మీ మాట చాలామందికి తప్పక నచ్చుతుంది.